గోలెం మీద స్పెల్ వేసినప్పుడు

ప్రియమైన అమ్మాయికి,

వచ్చే వారం డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మొదటిసారి గేమ్ మాస్టర్‌గా కూర్చుని ఆట నడపబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఐరన్ గోలెం, అదే మ్యాజిక్‌తో కదిలే ఆ ఇనుప బొమ్మ, ఒక్కటే టెన్షన్ పెడుతోందన్నావు కదా, దాని గురించే రాస్తున్నాను.

"దానిమీద మ్యాజిక్ పనిచేయదు" అని మాత్రం అనకు. ఒకసారి నేను అన్నాను. అప్పుడు ఆ ఆట రూల్స్‌లో 3.5 ఎడిషన్ ఆడుతున్నాం. ఒక కుర్రాడు తను ఆడే మంత్రగాడికి, అంటే విజార్డ్‌కి, మిగిలిన ఆఖరి స్పెల్ (మంత్రం), యాసిడ్ యారో, వేశాడు. పుస్తకం తెరవకుండానే "ఏమీ కాలేదు" అనేశాను. అతను పెన్సిల్ కింద పెట్టి, ఆట ముగిసేదాకా మళ్లీ నోరు విప్పలేదు. తర్వాత చూస్తే ఆ స్పెల్ వివరాల్లో స్పెల్ రెసిస్టెన్స్ (మంత్రాన్ని తట్టుకునే శక్తి దాన్ని ఆపగలదా అని చెప్పే వరుస) దగ్గర "లేదు" అని ఉంది. అంటే ఆ యాసిడ్ గోలెంని కాల్చాల్సిందే. ఆ పిల్లాడి ముఖం నాకింకా గుర్తుంది.

3.5లో అంతా ఆ ఒక్క వరుసలోనే ఉంటుంది. అక్కడ "ఉంది" అంటే ఆ స్పెల్ గోలెంని ఏమీ చేయలేదు. "లేదు" అంటే గోలెంకీ తప్పించుకునే దారి లేదు. గ్రీజ్ అలాంటిదే. అది జారుడు చేసేది నేలని, కాబట్టి అంత ఇనుమూ జారి పడొచ్చు.

నువ్వు ఏ ఎడిషన్ నడుపుతున్నావో రాయలేదు. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో మ్యాజిక్ రెసిస్టెన్స్ అంటే, స్పెల్ దెబ్బ తప్పించుకోడానికి వేసే సేవింగ్ త్రోకి డైస్ రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవడమే. సేవ్ అడగని స్పెల్‌ని అది ఆపదు. అందుకే మ్యాజిక్ మిస్సైల్ 3.5లో ఐరన్ గోలెం మీద గీత కూడా పెట్టలేదు, ఐదో ఎడిషన్‌లో పూర్తి డ్యామేజ్ ఇస్తుంది.

ఇక మినహాయింపులు. నాకు బాగా ఇష్టమైనవి ఇవే. 3.5లో మెరుపు స్పెల్ తగిలితే ఐరన్ గోలెం 3 రౌండ్లు నెమ్మదిస్తుంది. నిప్పు తగిలితే మాత్రం ఆ నెమ్మది పోతుంది, పైగా ప్రతి 3 పాయింట్ల డ్యామేజ్‌కి 1 చొప్పున కోలుకుంటుంది. ఫైర్‌బాల్ వేసినప్పుడు అంకెలు చెప్పకు. మంట తగ్గాక, ఛాతీ మీద ఇందాకటి గొడ్డలి గాటు పూడుకుపోయిందని చెప్పు. వాళ్లకే అర్థమవుతుంది.

పుస్తకంలో జవాబు దొరకని చోట, డైస్ పడకముందే నీ నిర్ణయం చెప్పేయి. పడ్డాక చెబితే ఎంత న్యాయంగా చెప్పినా పక్షపాతంలాగే కనిపిస్తుంది.

ఈలోగా నీ ప్లేయర్ల స్పెల్ లిస్టులు అడిగి తీసుకుని, ఒక్కో స్పెల్ పక్కన టిక్కో ఇంటూనో పెట్టుకో. గంట కూడా పట్టదు.

ప్రేమతో,
నీ పిన్ని