హైదరాబాద్ సర్కారు బడుల్లో తల్లిదండ్రుల కమిటీలపై పీహెచ్‌డీ చేయొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: "ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీలో చేరాను. హైదరాబాద్ ప్రభుత్వ బడుల్లో ఎస్ఎంసీలు, అంటే పాఠశాల యాజమాన్య కమిటీలు, ఎలా నడుస్తున్నాయో చూడాలని ఉంది. తల్లిదండ్రులు పట్టించుకోరు, అందులో ఏముంటుంది అని మా డిపార్ట్‌మెంట్‌లోనే అంటున్నారు. ఈ టాపిక్ తీసుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

తప్పకుండా తీసుకోండి. నా పీహెచ్‌డీ కూడా దీని మీదే. ముషీరాబాద్ వైపు ఒక బస్తీలో, ఒక్క బడి చుట్టూ రెండేళ్లు తిరిగాను. ఆ బడి పేరు చెప్పను, అక్కడి తల్లులకు మాటిచ్చాను. ఒక్కటి మాత్రం ఈరోజే చేయండి: "పట్టించుకోరు" అన్న మాట మీ సినాప్సిస్‌లో, అంటే పరిశోధన ప్రతిపాదనలో, ఉంటే కొట్టేయండి. నేను అది రాసుకునే ఫీల్డ్‌కి వెళ్లాను. దాన్ని వదిలించుకోవడానికి ఐదు నెలలు పట్టింది.

చట్టం సంగతి మీకు తెలిసే ఉంటుంది, రెండు ముక్కల్లో చెప్తాను. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 21వ సెక్షన్. కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లు ఉండాలి. బడి ఎలా నడుస్తోందో, గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం వాళ్ల పని. మన దగ్గర ఇదేం కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే ప్రజల భాగస్వామ్యం పేరుతో చట్టం చేసి విద్యా కమిటీలు పెట్టారు. 2024లో స్వయం సహాయక సంఘాల మహిళలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, బడుల మరమ్మతు పనులు వాళ్లకు అప్పగించారు. నేను తిరిగిన బస్తీలో పెద్దవాళ్లు ఇప్పటికీ అన్నిటినీ కలిపి "విద్యా కమిటీ" అనే అంటారు. "మీరు ఎస్ఎంసీ మెంబరా?" అని అడిగితే కాదంటారు. ఇది తెలియక మొదటి నెలలో నలుగురు మెంబర్లను నేనే మెంబర్లు కాదని నోట్సులో రాసుకున్నాను.

ఇక మినిట్స్ పుస్తకం, అంటే కమిటీ మీటింగుల్లో ఏం జరిగిందో రాసే రిజిస్టర్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, నా థీసిస్ మొత్తం దాని మీదే తిరిగింది. పొడవాటి రూళ్ల రిజిస్టర్, బ్రౌన్ పేపర్ అట్ట. హెచ్ఎం గారు బీరువాలోంచి తీసిచ్చి, "చూసుకోండమ్మా, అన్నీ టైముకు ఉన్నాయి" అన్నారు. నిజంగానే ఉన్నాయి. వరుసగా ఏడు మీటింగులు, ఒకే చేతిరాత, ఒకే నీలం ఇంకు, చివర ఒకే వాక్యం: "పై విషయములు చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది." కింద సంతకాలు, నడుమ నడుమ వేలిముద్రలు. ఒక వేలిముద్ర పక్కన ఇంకు పాకి ఉంది, నీళ్ల మరక.

ఆ వేలిముద్ర ఎవరిదో వెతుక్కుంటూ వెళ్లాను. ఆమె నాలుగిళ్లలో పనిచేస్తుంది. మీటింగు పదకొండు గంటలకు. ఆ టైముకు ఆమె మూడో ఇంట్లో గిన్నెలు తోముతూ ఉంటుంది. "సారు పిలుస్తుండని పిల్లగాడు వస్తే ఉరికొచ్చిన బిడ్డా. చేతులు సుత తుడుసుకోలే. ఈడ పెట్టమంటే పెట్టి మల్ల ఉరికిన. దేనికని అడుగుదామనుకున్న, ఆలస్యమైతే ఆ ఇంటామె పైసలు కోస్తదని భయమైంది."

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "భాగస్వామ్యం కాగితాలకే పరిమితం" అని రాసేస్తారు. నా మొదటి డ్రాఫ్టులోనూ అదే ఉంది. కానీ అదే రిజిస్టర్‌ను రెండోసారి పేజీ పేజీ చదివితే ఒక తీర్మానం వేరుగా కనిపించింది. "గణితం ఉపాధ్యాయ పోస్టు ఖాళీగా ఉన్నందున వెంటనే భర్తీ చేయవలసిందిగా కోరడమైనది." నాలుగేళ్లలో ఐదుసార్లు ఉంది. ఆ పేజీల్లో సంతకాలు గళ్లలో పట్టలేదు. మార్జిన్‌లోకి ఎక్కాయి, వెనక పేజీలోకి పోయాయి. మెంబర్లు కానివాళ్లవి కూడా ఉన్నాయి. ఒకాయన తన సంతకం కింద పెద్ద పెద్ద అంకెలతో ఫోన్ నంబర్ రాశారు, జవాబు నేరుగా తనకే వస్తుందని నమ్మినట్టు.

హెచ్ఎం గారిని అడిగితే, "ఐదుసార్లూ పైకి పంపానమ్మా. ఒక్కదానికీ జవాబు లేదు. తీర్మానం చేయమని వీళ్లకు చెప్పారు, జవాబివ్వమని ఎవరికీ చెప్పలేదు" అన్నారు. అప్పటిదాకా ఆయన మీద నాకు లోపల కోపం ఉండేది. ఆ రోజు పోయింది. సోషల్ టీచరుగా చేరిన మనిషి. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో హాజరు, సర్వే డ్యూటీలు చూసుకుంటూనే ఎనిమిదో తరగతికి లెక్కలు కూడా ఆయనే చెప్పేవారు.

నా అనుభవంలో తేలింది ఇదే. తల్లిదండ్రులు పాల్గొంటున్నారా లేదా అన్న ప్రశ్న మనల్ని ఎక్కడికీ తీసుకెళ్లదు. వాళ్లు నోరు తెరిచి అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది ఎవరు? అడిగిన కాగితం ఎక్కడ ఆగింది? మీ పరిశోధన ఈ ప్రశ్న చుట్టూ కట్టుకోండి. కాగితం వెంట నడవండి: బడి నుంచి డిప్యూటీ ఈవో (ఉప విద్యాధికారి) ఆఫీసు, అక్కడి నుంచి డీఈవో (జిల్లా విద్యాధికారి), ఆపైన పాఠశాల విద్య డైరెక్టరేట్. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. నేను ఇన్‌వర్డ్ నంబర్లు, అంటే కాగితం ఆఫీసుకు చేరినప్పుడు దాని మీద వేసే నంబర్లు, అడిగాను. ఐదు తీర్మానాల్లో రెండింటికి నంబర్లు దొరికాయి, ఆ రెండూ "పరిశీలనలో ఉన్నవి". మిగతా మూడు ఆ ఆఫీసుకు చేరినట్టే రికార్డు లేదు. ఐదు నెలల ఇంటర్వ్యూలు చెప్పనిది ఆ ఒక్క జవాబు చెప్పింది.

బడిలోకి వెళ్లడానికి డీఈవో అనుమతి లేఖ కావాలి. దానికి టైము పడుతుంది, మొదటి సెమిస్టర్‌లోనే పెట్టేయండి. ఈలోపు బస్తీలో తిరగడానికి ఎవరి లేఖా అక్కర్లేదు. ఆదివారం సాయంత్రాలు వెళ్లండి, పొద్దున ఎనిమిదింటికి కూలీల అడ్డా దగ్గర నిలబడండి. తండ్రులు బడి మీటింగులో దొరకరు, అక్కడ దొరుకుతారు. దక్ఖనీ ఉర్దూ కాస్తయినా రాకపోతే సగం తల్లులు మీతో మాట్లాడలేరు, ఇప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టండి.

లెక్కల విషయంలో జాగ్రత్త. బడుల వివరాలు ఏటా సర్కారుకు పంపే యూడైస్ ఫారంలో ఏడాదికి ఎన్ని ఎస్ఎంసీ మీటింగులు జరిగాయో ఒక అంకె ఉంటుంది. ఆ అంకె నేను పైన చెప్పిన రిజిస్టర్‌లోంచే వస్తుంది. దాన్ని భాగస్వామ్యానికి కొలతగా పట్టుకుని టేబుళ్లు వేయకండి. పిల్లల చదువు స్థాయి మీద వచ్చే అసర్ నివేదికలను హైదరాబాద్‌కి వాడటం కూడా కుదరదు, అది గ్రామీణ సర్వే.

ఇంకో సంగతి. 21వ సెక్షన్ ఎయిడ్ లేని, అంటే సర్కారు గ్రాంటు అందని, ప్రైవేటు బడులకు వర్తించదు. మన నగరంలో పిల్లలు ఎక్కువమంది వెళ్లేది అక్కడికే. బ్రిటిష్ విద్యా పరిశోధకుడు జేమ్స్ టూలీ బృందం పాతబస్తీ వైపు చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ మండలాల్లో బడులు లెక్కపెడితే 918 తేలాయి, అందులో సర్కారువి మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఆ పరిశోధన 2007లో అచ్చయింది. పేదలే ప్రైవేటును ఎంచుకుంటున్నారని దాన్ని ప్రపంచమంతా చూపించారు. విద్యా పరిశోధకులు పద్మ సారంగపాణి, క్రిస్టఫర్ వించ్ 2010లో దాన్ని గట్టిగా ప్రశ్నించారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. నా అభిప్రాయం అడిగితే, ఐదుసార్లు తీర్మానం రాసి జవాబు రాని తల్లి తర్వాతి ఏడు పిల్లను ప్రైవేటులో వేస్తే దాన్ని "ఎంపిక" అనడానికి నాకు మనసొప్పదు.

చరిత్ర కూడా వదలకండి. ఈ నగరంలో సర్కారు కంటే ముందు సమాజమే కట్టిన బడులున్నాయి. 1910లో దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ ఇసామియా బజార్‌లో దళిత పిల్లల కోసం బడి తెరిచారు. సర్కారు బడుల్లో ఉర్దూ నడుస్తున్న రోజుల్లో అక్కడ తెలుగులో చెప్పారు. ఒకటి రెండై, రెండు పాతికై, తర్వాత నిజాం సర్కారు ఆ బడులను తన చేతిలోకి తీసుకుంది. అప్పుడు బడి మీద ఆ వాడల మాట ఏమైంది? దీని మీదే ఇంకో పీహెచ్‌డీ చేయొచ్చు. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీ, బేగంపేటలో సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ) లైబ్రరీ: ఈ మూడింట్లో కూర్చోవడానికి ఒక వేసవి కేటాయించండి.

ఐదో నెలలో ఏం జరిగిందో చెప్పలేదు కదూ. బడికి, బస్తీకి మధ్య మెయిన్ రోడ్డు. ఒకరోజు పొద్దున టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటే, ఒకామె ఎనిమిది మంది చిన్నపిల్లలను వరుసగా రోడ్డు దాటిస్తోంది. పెద్ద పిల్ల ఆమె కొంగు పట్టుకుంది, మిగతావాళ్లు ఒకరి బ్యాగు ఒకరు. మర్నాడు ఇంకొకామె. వారంలో ఏ రోజు ఎవరిదో తల్లుల మధ్య వంతు. అంతకుముందు ఏడాది అక్కడ ఒక పిల్లాడికి బండి తగిలాక మొదలైందట. వంతు రోజు ఆ తల్లి ఒక ఇంటి పని ఆలస్యంగా మొదలుపెడుతుంది, ఆ ఇంట్లో మాట పడుతుంది. మినిట్స్ పుస్తకంలో దీని గురించి అక్షరం లేదు. "పట్టించుకోరు" అన్న మాటను ఆ రాత్రే కొట్టేశాను.

చివరగా, మీరు రాసింది వాళ్లకు చదివి వినిపించండి. నేను టీచరు పోస్టు చాప్టర్‌ను తెలుగులో పది పేజీలు చేసి, ఒక ఆదివారం కమ్యూనిటీ హాల్లో చదివాను. ఐదు తీర్మానాల దగ్గరికి వచ్చేసరికి ఆ తడి వేలిముద్ర ఆమె ఆపింది. "ఐదు కాదు బిడ్డా, ఆరు. ఒకసారి మేమే ఆఫీసుకు పోయినం, పన్నెండు మందిమి. గేటు కాడనే ఆపిండ్రు. అది బుక్కుల రాయలే." ఆ రోజు వెళ్లిన పన్నెండు మందిలో తొమ్మిది మంది ఆ హాల్లోనే ఉన్నారు. చాప్టర్ మళ్లీ రాయడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.