విటమిన్ డి తక్కువుంటే ప్రెగ్నెన్సీలో బీపీ వస్తుందా?

మొదటి కాన్పు, పద్నాలుగో వారం, విటమిన్ డి 11 వచ్చింది, అమ్మకి బీపీ ఉంది, నాకూ వస్తుందా అని అడిగారు కదా. నేను డాక్టర్ని కాదు, ఈ టెన్షన్ పడి వచ్చినదాన్ని.

నా మొదటి ప్రెగ్నెన్సీలో డి 9 ఉండేది. డాక్టర్ రాసిన సాషేలు వారానికొకటి పాలల్లో కలుపుకుని తాగాను, డాబా మీద ఎండలో కూర్చున్నాను. 31కి పెరిగింది. ఇక గండం గడిచిందనుకున్నాను. ఏడో నెలలో సీమంతం చేశారు. ఆరోజు సులువుగా ఎక్కిన మట్టిగాజులు నాలుగో రోజుకి చేతి మీద గుర్తులు పడేంతగా బిగిశాయి. ఉంగరం సబ్బునీళ్లు పెట్టినా రాలేదు. "నీరు పట్టింది, మామూలే" అన్నారు అందరూ. తలనొప్పి తగ్గక వెళితే బీపీ 156/104, మూత్రంలో ప్రోటీన్. అడ్మిట్ చేసి మందులతో నెట్టుకొచ్చి, 34వ వారంలో ఆపరేషన్ చేశారు. బాబు 1.8 కేజీలు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు.

దీన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేవాళ్లు. డి తక్కువున్నవాళ్లలో ప్రీఎక్లాంప్సియా ఎక్కువగా కనిపిస్తుందని చాలా పరిశీలనల్లో తేలింది. కానీ డి మాత్రలిస్తే ఆగుతుందా అంటే, మాత్రలిచ్చి చూసిన పరిశోధనల ఫలితాలు ఒక్క మాట మీద లేవు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గర్భిణులందరికీ డి ఇవ్వమనలేదు, లోపం ఉన్నవాళ్లకే ఇవ్వొచ్చంది. మీకు 11 కాబట్టి తప్పకుండా వాడండి, డోసు మాత్రం మీ డాక్టర్ చెప్పినంతే. మీ ఎముకలకీ బిడ్డకీ అది కావాలి. బీపీకి అదే కాపలా అనుకోవద్దు, నేను చేసిన పొరపాటు అదే.

అసలు చిక్కు చాలావరకు మాయ (ప్లాసెంటా) దగ్గర మొదలవుతుంది. మొదటి నెలల్లో గర్భసంచి రక్తనాళాలు మాయకి సరిపడా వెడల్పు కాకపోతే, ఆ ఫలితం ఇరవయ్యో వారం దాటాక బీపీగా బయటపడుతుంది. అందుకే రిస్క్ ఉన్నవాళ్లకి తక్కువ డోసు ఆస్పిరిన్‌ని 12వ వారం తర్వాత, వీలైతే 16 లోపే మొదలుపెడతారు. రెండోసారి నాకూ అలాగే ఇచ్చారు. పాప 38వ వారంలో పుట్టింది. మీకింకా టైముంది, కానీ సొంతంగా మాత్ర వేసుకోవద్దు.

ఇంట్లో జబ్బకి కట్టే బీపీ మిషన్ ఒకటి పెట్టుకోండి. ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసి రాసుకోండి. 140/90 ఉన్నా, దాటినా ఆరోజే ఫోన్ చేయండి. 160/110 ఉన్నా, కళ్లు మసకబారినా, తగ్గని తలనొప్పి ఉన్నా, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి వచ్చినా, ముఖం ఉబ్బినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. కాన్పయ్యాక ఆరు వారాల వరకూ ఇదే జాగ్రత్త.

ముందు ఈరోజే మీ అమ్మగారికి ఫోన్ చేయండి. ఆవిడకి బీపీ వయసు మీద పడ్డాక వచ్చిందా, మీరు కడుపులో ఉన్నప్పుడే వచ్చిందా? కడుపులో ఉన్నప్పుడే అయితే ఆ మాట వచ్చే చెకప్ దాకా ఆపకుండా డాక్టర్‌కి చెప్పి, ఆస్పిరిన్ సంగతి అడగండి.