పుట్టుకతో వచ్చిన బుద్ధి మారదా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బోరు ఎండి బత్తాయి తోట పోయింది. మా ఆయన అప్పు తెచ్చి మూడో బోరు వేయిస్తనని తిరుగుతున్నడు. మా మరిది మంచం దిగడు, ‘అంతా దేవుడి రాత’ అంటడు. మా అత్తమ్మేమో ‘పెద్దోడు ధైర్యవంతుడు, చిన్నోడు శాంతమూర్తి, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అంటది. శాస్త్రం కూడా అదే చెప్తదా?
- ఒక పాఠకురాలు

జవాబు: సగమే చెబుతుందమ్మా. గీత 3వ అధ్యాయం 33వ శ్లోకం మీ అత్తమ్మ మాటలాగే ఉంటుంది: ప్రాణులు తమ ప్రకృతి వెంటే పోతాయి, ‘నిగ్రహః కిం కరిష్యతి’, అణచిపెట్టి ఏం లాభం అని. చాలామంది అక్కడే ఆగిపోతారు. తర్వాతి శ్లోకం చదవాలి. రాగద్వేషాలు ఇంద్రియాలకు ఉండనే ఉంటాయి, వాటి వశంలో పడవద్దు అంటుంది. లాగేది స్వభావం, లొంగాలా వద్దా అన్నది మన చేతిలోది. పైగా 14వ అధ్యాయం 10వ శ్లోకం ప్రకారం సత్త్వం (తేటదనం), రజస్సు (ఆరాటం, ఉరుకులాట), తమస్సు (మందకొడితనం) అనే మూడు గుణాలలో ఒక్కోసారి ఒక్కోటి మిగతా రెంటినీ అణచి పైకొస్తుంది. కాబట్టి మనిషికి జీవితాంతం ఉండే ముద్ర వేయకూడదు.

మీ ఇంట్లో వేసిన ముద్రలే తప్పనిపిస్తోంది. 18వ అధ్యాయం 26వ శ్లోకంలోని సాత్త్వికుడు గెలుపోటములకు చలించడు, కానీ ఉత్సాహం ఉన్నవాడు. 28లోని తామసుడు ‘విషాదీ దీర్ఘసూత్రీ’: దిగులుపడతాడు, పనిని రేపూ మాపూ అని సాగదీస్తాడు. చూడటానికి ఇద్దరూ నెమ్మదిగానే ఉంటారు. పొద్దుగూకేసరికి ఆనాటి పని అయిందా లేదా చూస్తే ఎవరేమిటో తెలుస్తుంది. అర్జునుడు కూడా రథం మీద కూలబడి జాలి మాటలే మాట్లాడాడు. కృష్ణుడు దాన్ని ‘క్షుద్రం హృదయదౌర్బల్యం’, అల్పమైన గుండె బలహీనత అన్నాడు.

ఇక మీ ఆయన తెగువ. ఫలితం, నష్టం, ఇతరులకు కలిగే బాధ, తన శక్తి... ఈ నాలుగూ చూడకుండా మొదలుపెట్టే పని తామసమని 18వ అధ్యాయం 25వ శ్లోకం. ఎంత హుషారుగా చేసినా అంతే. బోరు బండిని పిలవకముందే ఆయనతో ఈ నాలుగూ కాగితం మీద రాయించండి. నీళ్లు పడకపోతే తర్వాతేమిటి? మొత్తం ఖర్చెంత? అడుగుకింత అని డ్రిల్లింగు ఒక్కటే లెక్కేసి కేసింగు, మోటరు, కేబుల్, వడ్డీ మరిచిపోతారు. ఆ భారం ఎవరి మీద పడుతుంది, మీ పుస్తెల మీదా, పిల్లల చదువు మీదా? తీర్చే శక్తి ఉందా? మన నేల కింద రాయి. నీళ్లు దాని పగుళ్లలోనే ఉంటాయి. లోతుకు పోయినకొద్దీ ఆ పగుళ్లు సాధారణంగా తగ్గుతాయి. ఆ మాట కూడా కాగితం మీదికి ఎక్కాలి.

మరిదికి ఉపదేశాలు వద్దు. తమస్సులో ఉన్నవాడు ఒక్క దూకులో సత్త్వానికి పోలేడు, మధ్యలో రజస్సు మెట్టు ఎక్కాలి. అంటే ఏదో ఒక చిన్న పని, రోజూ ఒకే వేళకు. పొద్దున ఆరింటికి గొడ్లకు నీళ్లు పెట్టడం చాలు. వారం దాకా ఇంకోటి కలపకండి. సాత్త్విక సుఖం ‘అగ్రే విషమివ’, మొదట్లో విషంలా ఉంటుందని అదే అధ్యాయం 37వ శ్లోకం. అందుకే మూడో నాటికో నాలుగో నాటికో మానేస్తారు. ఆ రోజు ఎవరో ఒకరు ఆయన వెంట నడవండి, తిట్టకండి.

మరిదికి నిద్రా తిండీ రెండు వారాలు సరిగా లేకపోతే డాక్టరుకు చూపించండి. చావు మాట నోట వస్తే మాత్రం గుణాల లెక్క పక్కనపెట్టి, ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.