నాలుగు రాత్రుల కోసం ఏ దీవికి వెళ్లాలి? కోనసీమ దంపతులకు నా అనుభవం నుంచి

అమలాపురం నుంచి ఒక దంపతులు అడిగిన ప్రశ్నకు ఈ సమాధానం రాస్తున్నాను. ఫిబ్రవరిలో పిల్లలను అమ్మమ్మగారింట్లో ఉంచి, తామిద్దరే నాలుగు రాత్రులు ఏదైనా సముద్ర ద్వీపంలో గడిపి రావాలని వారి కోరిక. అండమాన్, లక్షద్వీప్, మాల్దీవులలో ఎక్కడికి వెళ్లాలో, అక్కడ మళ్లీ ఏయే దీవులు ఎంచుకోవాలో తేలడం లేదన్నారు. ఇద్దరికీ ఈత రాదని కూడా చెప్పారు. మాది రాజోలు దగ్గర పల్లె. మావారూ నేనూ అండమాన్‌కు రెండుసార్లు, మాల్దీవులకు ఒకసారి వెళ్లి వచ్చాం. అండమాన్ మొదటి ప్రయాణంలో మేము చేసిన పొరపాటును రెండోసారి సరిదిద్దుకున్నాం కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

ముందుగా నా జవాబు చెబుతాను. మీరు అండమాన్‌కు వెళ్లండి. మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో, తరువాతి రెండు రాత్రులు నీల్ దీవిలో, చివరి రాత్రి మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌లో ఉండండి. హావ్‌లాక్ దీవిని ఈసారికి వదిలేయండి. హావ్‌లాక్ చూడకుండా రావడమేమిటని బంధువులు అడుగుతారు, నాకు తెలుసు. ఎందుకు వదలమంటున్నానో వివరంగా చెబుతాను.

మొదటిసారి మేము కూడా నాలుగు రాత్రులకే వెళ్లాం. పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ మూడూ చూసి తీరాలన్న పట్టుదలతో పడవ టిక్కెట్లు ముందే తీసుకున్నాం. హావ్‌లాక్‌కు గంటన్నర, అక్కడి నుంచి నీల్‌కు గంట అని చదివి, ఇంతేకదా అనుకున్నాం. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్లే పంటు కోసం చిన్ననాటి నుంచి నిలబడిన నాకు అప్పుడే తట్టవలసింది: గోదావరి దాటడానికి పట్టే సమయం వేరు, రేవులో పోయే సమయం వేరు. దీవుల మధ్య ప్రయాణం కూడా అచ్చం అంతే. పొద్దున్నే గది ఖాళీ చేయాలి, గంట ముందుగా జెట్టీకి చేరాలి, తనిఖీ అయ్యాక సామాను అప్పగించాలి, దిగిన తరువాత మళ్లీ సామాను తీసుకుని ఆటో వెతుక్కోవాలి, కొత్త హోటల్లో గది సిద్ధమయ్యేదాకా కూర్చోవాలి. పడవలో గడిపేది గంటన్నరే అయినా పగటిలో సగం దానికే చెల్లిపోతుంది. ఆ లెక్కన మూడు దాటింపులంటే ఒకటిన్నర పగళ్లు పోయినట్లే, నాలుగు రాత్రుల ప్రయాణంలో అది చాలా పెద్ద భాగం.

దానికి తోడు మేము వెళ్లినది నవంబరులో. 1996 నవంబరు 6వ తేదీ తుపాను మా తోటల్లో కొబ్బరిచెట్లను ఎలా నేలకూల్చిందో చూసిన ఇంటిదాన్ని అయివుండి కూడా, అదే బంగాళాఖాతం నడుమన ఉన్న దీవులకు అదే నెలలో ప్రయాణం పెట్టుకున్నాను. గాలి లేచి మేము ఎక్కవలసిన పడవ ఆగిపోయింది. నీల్‌లో డబ్బు కట్టిన గది ఖాళీగా ఉండిపోగా, మేము హావ్‌లాక్ జెట్టీ దగ్గర వానలో ఒక పూటంతా నిలబడ్డాం. అండమాన్‌లో మే నుంచి నైరుతి వానలు ఉంటాయి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండాల భయం ఉంటుంది. సముద్రం నెమ్మదించి నీరు తేటపడేది జనవరి నుంచి ఏప్రిల్ వరకు. ఆ లెక్కన మీరు ఎంచుకున్న ఫిబ్రవరి చక్కని నెల. అంతర్వేది తీర్థం ముగిసిన తరువాత బయలుదేరితే ఇంట్లో పెద్దలకు కూడా అభ్యంతరం ఉండదు.

రేవుల లెక్క తరువాత ఆలోచించవలసినది మరొకటి ఉంది. మీకు ఇంటి దగ్గర లేనిది ఏదో దాని కోసమే అంత దూరం వెళ్లాలి. ప్రయాణాల ప్రకటనల్లో మొదట కనిపించేవి కొబ్బరిచెట్లు, కాలువలు, పడవ ఇళ్లు. అవి మనకు పెరట్లోనే ఉన్నాయి. గౌతమికీ వసిష్ఠకూ సముద్రానికీ నడుమ ఉన్న మన కోనసీమ కూడా ఒక దీవి వంటిదే. దిండిలో ఒక రాత్రి పడవ ఇంట్లో ఉంటే దొరికే అనుభవానికి విమానం ఎక్కనవసరం లేదు. మనకు లేనిది తేట నీరు, ఆ నీటిలో పగడపు దిబ్బలు. గోదావరి వరదతో వచ్చే ఒండ్రు మొగల దగ్గర సముద్రంలో కలిసి నీటిని మసకబారుస్తుంది. పగడపు జీవుల శరీరంలో ఉండే సూక్ష్మమైన నాచుకు సూర్యకాంతి కావాలి కనుక, బురద నీటిలో, ఉప్పదనం తగ్గే నదీముఖాల దగ్గర అవి పెరగలేవు. మన పొలాలకు ప్రాణం పోసే ఒండ్రే మన తీరంలో పగడాలను పెరగనివ్వదు. అండమాన్ దీవుల్లో గోదావరి వంటి పెద్ద నది లేదు. అక్కడి తెల్లని ఇసుకలో చాలా భాగం పగడాలు, గవ్వలు అరిగి పొడి అయినదే. నీల్‌లో మోకాలి లోతు నీటిలో నిలబడి నా కాలి వేళ్ల మధ్య నుంచి నీలి చేపపిల్లలు పోతుంటే చూసిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఓడలరేవు తీరాన ఎన్నోసార్లు నిలబడ్డాను కానీ నీటిలో నా పాదం నాకు కనిపించడం అదే మొదటిసారి.

ఇక నీల్‌కూ హావ్‌లాక్‌కూ తేడా చెబుతాను. హావ్‌లాక్‌లోని రాధానగర్ తీరం పడమర ముఖంగా, మెత్తని ఇసుకతో, దట్టమైన అడవి అంచున ఉంటుంది. దాని అందాన్ని నేను తక్కువ చేయను. కానీ దాని గొప్పదనం ఇసుకలో, అలల్లో, సూర్యాస్తమయంలో ఉంది, పగడాలు చూడాలంటే అక్కడి నుంచి వేరుగా ఎలిఫెంట్ బీచ్‌కు పడవలోనో అడవి దారిలో నడిచో వెళ్లాలి. ఈత వచ్చినవారికి, స్కూబా, అంటే గాలి సిలిండరు తగిలించుకుని నీటి లోతుకు దిగడం, నేర్చుకోవాలనుకునేవారికి హావ్‌లాకే సరైనది. అలాంటివారు నడుమ రెండు రాత్రులూ అక్కడే ఉండి నీల్‌ను వదిలేయడం మంచిది.

నీల్ చిన్న దీవి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల కుటుంబాలు అక్కడ స్థిరపడి కూరగాయలు పండిస్తున్నాయి. లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, సీతాపూర్ అని తీరాలకు రామాయణంలోని పేర్లు పెట్టుకున్నారు. అద్దెకు స్కూటరు తీసుకుంటే ఏ తీరానికైనా కొద్ది నిమిషాల్లో చేరవచ్చు. లోపం కూడా చెప్పాలి: ఆటు సమయంలో నీరు వెనక్కి తగ్గి పగడపు రాయి బయటపడుతుంది కాబట్టి అప్పుడు అక్కడ ఈత కొట్టడం కష్టం. కానీ ఈత రాని మీకు ఆ లోపమే వరమవుతుంది. లక్ష్మణ్‌పూర్ వైపున్న సహజమైన రాతి వంతెన దగ్గరికి ఆటు వేళ నడిచి వెళితే, రాళ్ల నడుమ నిలిచిన చిన్న మడుగుల్లో చేపలు, పీతలు, సముద్ర దోసకాయలు అనే మెత్తని జీవులు ఒడ్డున నిలబడే చూడవచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరింత వెనక్కి పోతుంది. అందువల్ల తేదీ నిర్ణయించే ముందు పంచాంగం ఒకసారి చూడండి, దిగగానే ఆటుపోట్ల వేళలు హోటల్‌వారిని అడగండి. రబ్బరు అడుగు ఉన్న చెప్పులు తప్పనిసరి. పగడపు రాయి కత్తిలా కోస్తుంది, పైగా మన పాదం కింద నలిగే పగడం బతికి ఉన్న జీవి.

అక్కడి పగటి వేళలు మన లెక్కకు అందవు. గడియారంలో సమయం మనదే అయినా, ఆ దీవులు మనకంటే దాదాపు పదకొండు డిగ్రీలు తూర్పున ఉన్నందువల్ల సూర్యుడు ముప్పావుగంట ముందుగా వస్తాడు, అంత ముందుగానే వెళ్లిపోతాడు. ఫిబ్రవరిలో సాయంత్రం ఐదున్నరకే అస్తమయం అయిపోతుంది. భోజనం చేసి ఒక కునుకు తీసి నాలుగున్నరకు బయలుదేరేవారికి అక్కడ మిగిలేది చీకటే. మొదటి ప్రయాణంలో రాధానగర్ సూర్యాస్తమయం మాకు ఆ విధంగానే తప్పిపోయింది. తెల్లవారుజామున లేచి, పనులన్నీ పొద్దున్నే ముగించి, సాయంత్రం నాలుగింటికల్లా లక్ష్మణ్‌పూర్ తీరంలో ఉండేలా చూసుకోండి.

చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండమనడానికి రెండు కారణాలు. గాలి వల్ల ఒక పడవ ఆగిపోయినా, మరునాటి విమానం తప్పిపోకుండా కొంత వెసులుబాటు ఉంటుంది. రెండోది, మీరు స్కూబా చేస్తే ఆ తరువాత 18 నుంచి 24 గంటల వరకు విమానం ఎక్కకూడదు. లోతులో రక్తంలో కరిగిన నత్రజని విమానంలో పీడనం తగ్గినప్పుడు బుడగలుగా మారే ప్రమాదం ఉంటుంది. మొదటి సాయంత్రం సెల్యులార్ జైలుకు కేటాయించండి. 1906లో పూర్తయిన ఆ కట్టడపు ఏడు భాగాలలో ఇప్పుడు మూడే మిగిలాయి. ఇద్దరూ సరదాగా గడపడానికి వెళ్తూ జైలు చూడడమేమిటని మావారు మొదట అన్నారు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరను అండమాన్ పంపారని, ఆయనే తరువాత 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారని నేను చెప్పాక, ఆ గదుల వరుస ముందు మావారే నాకంటే ఎక్కువసేపు నిలబడ్డారు. పోర్ట్ బ్లెయిర్‌లో భాష గురించి దిగులు అక్కరలేదు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువారు చాలామంది ఉన్నారు, మమ్మల్ని తిప్పిన ఆటో అతను మన మాట వినగానే ఏ ఊరని అడిగాడు.

టిక్కెట్లు కొనేటప్పుడు పేర్లు చూసి తికమకపడకండి. 2018లో హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కు షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయ పురం చేశారు. అక్కడి జనం మాత్రం ఇప్పటికీ పాత పేర్లే ఎక్కువగా వాడుతున్నారు.

మాల్దీవుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రేవుల లెక్కలో అవి అండమాన్‌కు దీటుగా నిలుస్తాయి. విమానాశ్రయం నుంచి ఒకే ఒక దాటింపుతో రిసార్టు దీవి చేరి, తిరిగి వచ్చేదాకా కదలకుండా ఉండవచ్చు. భారతీయులకు దిగిన చోటే ఉచితంగా వీసా ఇస్తారు, పాస్‌పోర్టు మాత్రం ఉండాలి. అయితే దూరపు దీవులకు వెళ్లే సీప్లేన్లు, అంటే నీటి మీద దిగే చిన్న విమానాలు, పగటి పూటే ఎగురుతాయి కాబట్టి సాయంత్రం దిగినవారు ఆ రాత్రి రాజధాని మాలే పరిసరాల్లోనే ఉండిపోవాలి. రాకపోకల ఖర్చు గది అద్దెకు అదనంగా పడుతుంది, అది చిన్న మొత్తం కాదు. మేము ఖర్చు తగ్గించుకోవడానికి స్థానికులు నివసించే మాఫుషీ దీవిలో ఒక అతిథిగృహంలో దిగాం. స్పీడుబోటులో చేరుకోవడం సులభమే, నీరు అద్భుతం. కానీ మూడో రోజుకు చూసిన వీధినే మళ్లీ చూస్తున్నామనిపించింది. డబ్బుకు వెనుకాడకుండా పూర్తి విశ్రాంతి మాత్రమే కోరుకునేవారికి రిసార్టు దీవి మంచిదే. మీ ఉత్తరంలో కొత్త ఊరు తిరగాలన్న ఉత్సాహం కనిపించింది కనుక నేను దాన్ని సూచించడం లేదు.

లక్షద్వీప్ లగూన్లు, అంటే పగడపు దిబ్బల లోపల నిలిచే లోతులేని సముద్రపు మడుగులు, ఎంతో అందమైనవని తెలిసినా నాలుగు రాత్రులకు మాత్రం వద్దంటాను. ముందుగా అనుమతి తీసుకోవాలి, కొచ్చి చేరాలి, అక్కడి నుంచి అగత్తి దీవికి చిన్న విమానమో, సుమారు ఒక రాత్రంతా సాగే ఓడ ప్రయాణమో చేయాలి. బంగారం దీవికి వెళ్లాలంటే అగత్తి నుంచి మళ్లీ పడవ. మన జిల్లా నుంచి రాకపోకలకే ఎంత సమయం పోతుందో ఊహించుకోండి. పిల్లల సెలవుల్లో వారం తీరిక దొరికినప్పుడు దాన్ని పెట్టుకోవచ్చు.

ఇంటి నుంచి బయలుదేరడం గురించి ఒక మాట. అమలాపురానికి ఇంకా రైలు లేదు కాబట్టి రాజమండ్రి వెళ్లి, అక్కడి నుంచి హైదరాబాదో చెన్నైయో చేరి అండమాన్ విమానం ఎక్కాలి. చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఆ చేరుకునే రోజును నాలుగు రాత్రుల్లో కలపకుండా విడిగా ఉంచుకోండి. ఒకే రోజులో రెండు విమానాలు, ఒక పడవ అందుకోవాలనుకుంటే ఏదో ఒకటి తప్పుతుంది.

ఈత రాకపోతే పగడాలు ఎలా చూడాలన్నది మీ ఆఖరి ప్రశ్న. మావారికీ ఈత రాదు. భరత్‌పూర్‌లో అద్దపు అడుగు ఉన్న పడవలు తిరుగుతాయి, అది మొదటి మెట్టు. మరునాడు ఉదయం పోటు వేళ లైఫ్ జాకెట్, రబ్బరు ట్యూబుతో, పక్కన గైడు ఉండగా ఆయన స్నార్కెలింగ్ చేశారు, అంటే కళ్లకు అద్దం, నోటికి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కిందికి చూశారు. నీటిలో దిగే ముందు ఒడ్డునే నోటితో శ్వాస తీసుకోవడం పది నిమిషాలు సాధన చేయండి, కంగారు చాలావరకు అక్కడే తగ్గిపోతుంది. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట గైడు ఏమి చెప్పినా దిగవద్దు. ఒడ్డున దొరికిన పగడపు ముక్క ఎంత ముచ్చటగా ఉన్నా సంచిలో వేసుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసేటప్పుడు పట్టుకుంటారు. పిల్లలకు గుర్తుగా మేము తెచ్చినవి పోర్ట్ బ్లెయిర్ బజారులో కొన్న రెండు చెక్క పడవలు.