స్కెచప్ వదిలేయకండి, ముందు అంచులు చూసుకోండి

ఇళ్లు, గదుల 3డీ మోడలింగ్ అంతా స్కెచప్ సాఫ్ట్‌వేర్‌లోనే, దాంతో తీసే రెండర్లు (ఫొటోలాంటి బొమ్మలు) మాత్రం బొమ్మరిల్లులా వస్తున్నాయి, 3డీఎస్ మ్యాక్స్‌కి మారాలా, బ్లెండర్ నేర్చుకోవాలా అని అడిగారు. ఇదే సందేహంతో నేను రెండేళ్లలో మూడు సాఫ్ట్‌వేర్లు మార్చాను. ప్రతిసారీ మళ్లీ అ ఆల నుంచి మొదలు, ప్రతిసారీ అదే బొమ్మరిల్లు.

ఒక వంటగది సీను చేస్తున్నాను. గ్రానైట్ టెక్స్చర్ బాగుంది, కిటికీలోంచి ఎండ పడుతోంది, అయినా అంతా ప్లాస్టిక్‌లా ఉంది. సీనియర్ ఒకాయన వచ్చి గట్టు అంచు మీదకి జూమ్ చేసి, "ఇది గట్టా, కత్తా?" అన్నారు. నిజం రాయి అంచు అంత పదునుగా ఉండదు కదా. 2 మిల్లీమీటర్ల బెవెల్ ఇవ్వగానే, అంటే ఆ పదును కొంచెం చెక్కగానే, అంచు పొడవునా సన్నటి వెలుగు గీత మెరిసింది. తర్వాత గోడల రంగు చూశారు: 255, 255, 255, అంటే కంప్యూటర్‌లో పూర్తి తెలుపు. ఎంత తెల్ల గోడైనా పడిన వెలుతురంతా తిరిగి ఇవ్వదు. 230 దగ్గరకి దించాక మూలల్లో నీడలు కనపడటం మొదలైంది. ఆరోజు సాఫ్ట్‌వేర్ మారలేదు, బొమ్మ మారింది.

కాబట్టి మోడలింగ్‌కి చేతికి అలవాటైనది ఉంచుకోండి. మోడల్‌ని బొమ్మగా మార్చే ప్రోగ్రామ్‌ని రెండరర్ అంటారు. వీ-రే, ఎన్‌స్కేప్ అనే రెండరర్లు స్కెచప్ లోపలే నడుస్తాయి. అసలు తేల్చుకోవాల్సింది రెండరర్ సంగతి. క్లయింట్ పక్కన కూర్చుని "ఆ టైల్స్ మార్చండి, ఈ సోఫా జరపండి" అనే రకం పనైతే లూమియన్, ట్విన్‌మోషన్, ఎన్‌స్కేప్ లాంటి రియల్ టైమ్‌వి (మార్చగానే చూపించేవి) ప్రాణం నిలబెడతాయి. ఇంటీరియర్‌లో ఒక్క ఫ్రేమ్, ఫొటోనా అని అనుమానం రావాలంటే మాత్రం వీ-రే, కరోనా, సైకిల్స్‌లో ఒకటి. వెలుతురు గోడ నుంచి గోడకి తగిలి వెళ్లే లెక్క అక్కడ ఎక్కువ నమ్మకంగా వస్తుంది, టైమ్ కూడా అంతే తింటుంది.

సొంతంగా నేర్చుకునేవాళ్లకి నా ఓటు బ్లెండర్‌కే. ఉచితం, సైకిల్స్ 2011 నుంచి అందులోనే ఉంది. బెవెల్‌ని మాడిఫైయర్‌గా (మోడల్ మీద విడిగా ఉండే మార్పుగా) పెడితే మోడల్ చెడదు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. తలనొప్పి ఒకటుంది: ఆటోక్యాడ్‌లో గీసిన ప్లాన్ల డీడబ్ల్యూజీ ఫైలు నేరుగా తెరవదు, డీఎక్స్‌ఎఫ్‌గా మార్చి తెచ్చుకోవాలి. విజువలైజేషన్ స్టూడియోలో ఉద్యోగం మీ లక్ష్యమైతే లెక్క వేరు. చాలా చోట్ల ఏళ్ల తరబడి పోగేసుకున్న ఫర్నిచర్, చెట్ల లైబ్రరీ అంతా మ్యాక్స్‌లో ఉంటుంది, తప్పదు. అది విండోస్‌లోనే నడుస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

సిస్టమ్ సంగతీ చూసుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు మీద రెండర్ చేస్తే సీను దాని మెమరీలో పట్టాలి. చెట్లు కాపీ చేసుకుంటూ పోయి ఒకసారి రాత్రంతా పెట్టిన రెండర్ పొద్దున్నకి క్రాష్ అయి ఉంది. కాపీలకి బదులు ఇన్‌స్టన్సులు వాడండి, ఒకే చెట్టు డేటాని అన్ని చోట్లా చూపిస్తాయి. కరోనా ప్రాసెసర్ మీదే రెండర్ చేస్తుంది, చిన్న కార్డు ఉన్నవాళ్లకి అదో దారి.

ఏదీ కొనకముందు మీ గదిలో ఒక మూల ఫోన్‌తో ఫొటో తీసి, ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్‌లోనే అచ్చం అదే మూల చేసి చూడండి. రెండూ పక్కపక్కన ఇక్కడ పెడితే తేడా ఎక్కడుందో చెబుతాను. గ్రాఫిక్స్ కార్డు మెమరీ ఎంతో కూడా రాయండి.