వేషం తీసి కూర్చునే చోటు

ప్రశ్న: అక్కా, నాకు 29 ఏళ్లు. తిరుపతిలో ఒక ఆడిటర్ దగ్గర జీఎస్టీ లెక్కలు చూస్తాను. నాకు ఆటిజం ఉందని పోయిన ఏడాది డాక్టర్ తేల్చారు. 'ఎవరితోనూ అనొద్దు, సంబంధాలు చెడిపోతాయి' అంటోంది అమ్మ. నాలాంటివాళ్లను కలవాలని ఉంది, కానీ ఎక్కడ విచారించినా అన్నీ చిన్నపిల్లల అమ్మానాన్నల కోసమే. పైగా నలుగురిలో గంట కూర్చుంటే మర్నాడంతా మంచం దిగలేను. ఏం చేయమంటారు?
- ఒక చెల్లెలు, తిరుపతి

జవాబు: 29కి తెలిసిందని దిగులు పడకు, నాకు 38కి తెలిసింది. లియో కానర్ అనే డాక్టర్ 1943లో ఆటిజం గురించి రాసిన వ్యాసంలో ఉన్నది 11 మంది పిల్లలు, అందులో 8 మంది మగపిల్లలే. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మగపిల్లల్ని చూసే లక్షణాలు రాసుకుంటూ పోయారు. క్లాసులో నోరెత్తకుండా, పక్కమ్మాయి ఎలా నవ్వితే అలా నవ్వుతూ నెట్టుకొచ్చిన మనల్ని 'బుద్ధిమంతురాలు' అనేసి వదిలేశారు.

మంచం దిగలేనన్నావే, దాని సంగతి చెప్తాను. గంగమ్మ జాతర చూసినదానివే కదా, బైరాగి వేషం ఒక రోజు, బండ వేషం ఒక రోజు, జాతర అయ్యాక కడిగేసుకుని ఎవరి పనికి వాళ్లు పోతారు. మనం మాత్రం ఏడాది పొడుగునా కడుక్కోం: కళ్లలోకి చూడు, చేతులు ఆడించకు, జోకు అర్థం కాకపోయినా నవ్వు. ఒళ్లు అలిసేది ఆ బరువుకే. వేషం లేకుండా కూర్చోగలిగే మనుషులు ఇద్దరు దొరికినా నీకు చాలు, ముగ్గురైతే పండగే.

నేను మొదట చేసిన తప్పు నువ్వు చేయకు. అందరూ చేసేదే కదా అని ఆదివారం ఎనిమిదిన్నరకు ఒక టిఫిన్ హోటల్లో కలుద్దామన్నాను. లోపల చట్నీ మిక్సీ, స్టీలు గ్లాసులు తొట్టిలో వేసే చప్పుడు, నెత్తిమీద టీవీలో వార్తలు, మధ్యమధ్యలో 'ఇంకేం కావాలి మేడం' అంటూ సర్వర్. ఒకబ్బాయి దోసె రాకముందే లేచి వెళ్లిపోయాడు. నేను ఒక చెవి మూసుకునే బిల్లు కట్టాను.

ఇప్పుడు యూనివర్సిటీ లోపల చెట్ల కింద కలుస్తున్నాం, పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా. ఎవరెవరు వస్తున్నారు, ఏ చెట్టు, ఎప్పుడు లేస్తాం, అన్నీ ముందురోజు రాత్రే మెసేజ్ పెడతాను. ఏడున్నర అయితే మాట మధ్యలో ఉన్నా లేచేస్తాం, ఎవరూ నొచ్చుకోరు. పోయినసారి ఇరవై నిమిషాలు ఒక్కరూ నోరు విప్పలేదు. ఒకమ్మాయి శెనక్కాయలు ఒలిచి, గింజల్ని చిన్నదాన్నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చుకుంటోంది. అప్పుడు మన దోసె అబ్బాయి తిరుమల ఘాట్ రోడ్లు అందుకున్నాడు. మొదటిది 1944లో, రెండోది 1974లో, ఎక్కే బస్సులు రెండోదాంట్లో పోతాయి, దిగేవి మొదటిదాంట్లో, ఏ మలుపులో డ్రైవర్ ఏ గేరు వేస్తాడో దాంతో సహా. ఇంట్లో అయితే ఈపాటికి 'ఇంక ఆపరా' అనేవాళ్లు. శెనక్కాయల అమ్మాయి తలెత్తకుండానే 'అయితే 1974కి ముందు ఎదురొచ్చే బండికి దారి ఎట్లా ఇచ్చేవాళ్లు?' అంది. వాడి మొహం చూడాల్సింది నువ్వు!

ఎవరితో మాట్లాడొచ్చో ఎలా తెలుస్తుందంటావా? అమెరికాలో ఆటిజం ఉన్నవాళ్లే తమకోసం 1990ల్లో శిబిరాలు పెట్టుకున్నారు, రంగు గుర్తుల పద్ధతి వాళ్లదే. ఎరుపు ఉంటే పలకరించొద్దని, పసుపు అయితే తెలిసినవాళ్లు మాత్రమే మాట్లాడొచ్చని, ఆకుపచ్చ అయితే 'నాకు మాట్లాడాలనే ఉంది, మొదలుపెట్టడం చేతకావట్లేదు, మీరే మొదలుపెట్టండి' అని. మేం చేతికి దారాలు కట్టుకుందామనుకున్నాం గానీ ఎర్రదారం తిరుపతిలో సగం ఊరి చేతికి ఉంటుంది, గందరగోళం. అందుకని బట్టలారేసే క్లిప్పులు పెట్టుకుంటున్నాం.

ఇక అమ్మ మాట. చెట్టు కింద కూర్చోడానికి నిన్ను ఎవరూ సర్టిఫికెట్ అడగరు, అసలు పేరు చెప్పకపోయినా సరే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది కాబట్టి, కావాలనుకుంటే సచివాలయంలో సదరం, అంటే వైకల్య సర్టిఫికెట్ కోసం చేసే పరీక్షకి, స్లాట్ అడుగు, వద్దనుకుంటే ఊరుకో. పెళ్లి కావాలో వద్దో నీ ఇష్టం. చేసుకునేట్టయితే మాత్రం ఆ అబ్బాయికి ముందే చెప్పు, ఇంట్లో కూడా వేషం వేసుకుని బతకడం నీవల్ల కాదు.

ప్రశ్న: మేడం, మా బాబుకు 17 ఏళ్లు. మాటలు రావు, బొమ్మల కార్డులు చూపించి అడుగుతాడు. వాణ్ని ఇలా నలుగురిలోకి తీసుకుపోవచ్చా? 18 నిండితే కాగితాలేమైనా చేయించాలా?
- ఒక తల్లి, చిత్తూరు

జవాబు: తీసుకుపోండమ్మా. చిత్తూరు నుంచి ఆరున్నరకల్లా తిరుపతి రావాలంటే మీకూ బాబుకూ నరకం, అక్కడే ఇంకో ఇంటివాళ్లను చూసుకుని మొదలుపెట్టండి. మీరు మాత్రం పక్క చెట్టు కింద కూర్చోండి. ఎవరైనా ఏదైనా అడిగితే బాబు కార్డు వెతుక్కునేదాకా ఆగండి, మీరు అందించొద్దు.

కాగితాల విషయానికొస్తే, 18 నిండాక తల్లిదండ్రులు వాళ్లంతట వాళ్లే చట్టపరమైన సంరక్షకులు అయిపోరు. బ్యాంకు, ఆస్తి పనులకు అవసరమైతే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. అందరికీ అది అక్కర్లేదు. అదే ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమాలో లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు వస్తుంది, థెరపీలతో కలిపి. దాన్ని మాత్రం వదులుకోకండి.

బాబు కోసం చిప్స్ తీసుకుపోయేట్టయితే ఇంట్లోనే డబ్బాలో పోసుకోండి. ఆ కవరు చప్పుడు మాలో చాలామందికి పడదు.