పడుగుపాడు చరిత్ర: మా ఇంటి దస్తావేజులో దొరికినంత

నెల్లూరు పక్కనున్న పడుగుపాడుకి చెప్పుకోదగ్గ చరిత్ర ఏమైనా ఉందా, ఆ పేరెలా వచ్చింది అని అడిగారు. అది మా అమ్మమ్మ ఊరు. పెన్న దాటగానే కోవూరు వైపు వస్తుంది.

ముందు పేరు సంగతి. ‘పాడు’ అంటే పాడుబడ్డది అనుకోకండి, ఊరనే అర్థం. ఈ చుట్టుపక్కలే పల్లిపాడు, లేగుంటపాడు ఉన్నాయి. పడుగు అంటే మగ్గం మీద నిలువు నూలు, పాటూరులో నేతపని ఉంది, కాబట్టి ఇదీ సాలెల ఊరేనని కొందరు చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. శాసనం చూపిస్తే తప్ప నేను నమ్మను.

ఊరి చరిత్ర నాకు తెలిసింది మాత్రం వరద పుణ్యమా అని. 2021 నవంబరులో పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగింది, పెన్న మీదున్న సోమశిల డ్యామ్ నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. అమ్మమ్మ ఇంట్లో మోకాటి లోతు నీళ్ళు. మూడో రోజుకి బురద ఎత్తిపోసి, ట్రంకుపెట్టెలో తడిసిన కాగితాలు నవారు మంచం మీద ఆరేశాం. అందులో తాత పొలం కొన్నప్పటి దస్తావేజు ఒకటి. సిరా అక్కడక్కడా అలుక్కుపోయినా హద్దులు చదవగలిగాం: తూర్పు రైలు కట్ట, దక్షిణం పంటకాలువ, పడమర ఇంకొకరి మాగాణి, ఉత్తరం డొంక.

నన్నడిగితే పడుగుపాడు చరిత్రంతా ఆ నాలుగు హద్దుల్లోనే ఉంది.

రైలు కట్ట అంటే మద్రాసు–బెజవాడ లైను, 1899లో పూర్తయింది. కోవూరు పెద్ద ఊరే అయినా స్టేషను మాత్రం పడుగుపాడు పేరు మీదే ఉంది. కోవూరు వెళ్ళాల్సినవాళ్ళు కూడా ఇక్కడే దిగుతారు. మా వాళ్ళకి అదో గర్వం. వరదప్పుడు అమ్మమ్మ ఇంకో మాట అనింది: “ఆ కట్టే లేకపోతే నీళ్ళు ఇంత నిలబడేవి కాదబ్బయ్యా, అదే తెగకపోయుంటే మనం మిగిలేవాళ్ళమూ కాదు.”

పంటకాలువ దగ్గర చాలామంది పొరబడతారు. 1855 నాటి నెల్లూరు ఆనకట్ట నీళ్ళే మాకూ వస్తాయనుకుంటారు. అవి ఏటికి దక్షిణాన సర్వేపల్లి వైపు పోతాయి. మా వైపు పారేది సంగం ఆనకట్ట నీళ్ళు. 1880ల్లో అది కట్టాక కనిగిరి రిజర్వాయరు మీదుగా కోవూరు డెల్టాకి నీళ్ళొచ్చాయి. 2022 సెప్టెంబరులో ఆ రెండు ఆనకట్టల చోటా కొత్త బ్యారేజీలు ప్రారంభించారు.

మాగాణి అన్నాను కదా, తాత రోజుల్లో అందులో మొలగొలుకులు అనే పాతకాలపు వరి రకం వేసేవాళ్ళు. ఆరేడు నెలల పంట. కొత్త బియ్యం వండితే ముద్దయిపోతుందని ఏడాది పాతబెట్టి గాని అమ్మమ్మ పొయ్యి మీద పెట్టేది కాదు. తక్కువ రోజుల్లో చేతికొచ్చే రకాలు వచ్చాక ఎవరూ వేయలేదు. తాత మాత్రం చివరిదాకా అరెకరం ఇంటికని వేసుకున్నాడు.

మీరు ఇంకా వెనక్కి వెళ్ళాలంటే, నెల్లూరు జిల్లా శాసనాలను 1905లోనే తాలూకాలవారీగా మూడు సంపుటాలుగా అచ్చేశారు, అవి వెతకండి. కానీ ముందు మీ ఇంట్లో, మీ చుట్టాలిళ్ళలో పాత దస్తావేజులు అడిగి చూడండి. ఎవరూ చదవరు వాటిని, సర్వే నంబరు చూసి మడిచేస్తారు.

ఇక ఉత్తరాన ఉన్న డొంక. సాయంత్రం గొడ్లు ఇంటికొచ్చే దారి అది, వానాకాలం చీలమండ దాకా బురద. పోయిన ఏడాది పక్కవాళ్ళ స్థలం రిజిస్ట్రేషనుకి సాక్షి సంతకం పెట్టడానికి వెళ్ళి హద్దులు చదివాను. మూడు వైపులా ప్లాటు నంబర్లే. నాలుగోది ‘33 అడుగుల రోడ్డు’. అదే మా డొంక.